రోజంతా న్యూస్ ఛానెల్ నడిచే ఇంట్లో భయం తగ్గేదెట్ల, నమ్మకం నిలిచేదెట్ల?

పాలకొండ_గాలి (కడప) అడిగినది:

ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్ళు ఇద్దరుండారు. పొద్దున ఆరింటికి న్యూస్ ఛానెల్ పెడితే రాత్రి పదకొండుకే ఆపేది. టిఫిన్, మాత్రలు, సాయంత్రం దీపం అన్నీ ఆ స్క్రోలింగ్ ముందరే. యుద్ధం, వరద, కొత్త రోగం, దోపిడీ, ఏది వచ్చినా మన వీధి చివరికి వచ్చినట్టే గుండెదడ. భక్తి లేక కాదు, నోట్లో రామనామం ఆగదు. చేతిలో రిమోట్ కూడా ఆగదు.

ఆపేద్దామంటే "ఏమన్నా జరిగితే మనకు తెలిసేదెట్లప్పా?" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని అడుగుతాండా: రిమోట్ లాక్కోకుండా టీవీ తగ్గించే దారి ఏంది? నిజమైన హెచ్చరిక ఏదో, ఉత్త గోల ఏదో పెద్దవాళ్ళే పట్టుకునే పద్ధతి ఉందా? "నమ్మకముంటే భయమెందుకు" అని దెప్పిపొడవకుండా ఆ నమ్మకానికి ఊతం ఇచ్చేదెట్ల? ఉపన్యాసాలు వద్దు, చేసి చూడగలిగే పనులు చెప్పండి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

రెండో ప్రశ్న ముందు తేల్చుకుంటే మిగతావి సులభం అన్నా. హెచ్చరిక అనేదాంట్లో నాలుగు సంగతులుంటాయి: ఎక్కడ, ఎప్పుడు, ఎంత, మనం ఏం చేయాలి. ఈ నాలుగూ ఉంటే అది మనకు పనికొచ్చే వార్త. ఒక్కటి కూడా లేకుండా పెద్ద అక్షరాలు, ఎర్ర బ్యానర్, డప్పుల మోత మాత్రమే ఉంటే దాంతో మనకు పని లేదు.

మా కర్నూలు జిల్లా సంగతే తీసుకోండి. 2024 ఆగస్టు 10 రాత్రి, మాకు ఎగువన కర్ణాటకలో ఉన్న తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. "డ్యామ్ గేటు కొట్టుకుపోయింది" అన్న మాటలో నుంచి "గేటు" ఒక్కటి చెవిన పడకపోతే చాలు, కర్నూలు మొత్తానికి ఊరు మునిగిన 2009 అక్టోబర్ 2 వరద గుర్తుకొస్తుంది. లెక్క చూడండి. డ్యామ్‌కు ఉన్నవి 33 గేట్లు, పోయింది ఒకటి. ఆ ఒక్క సందులో నుంచి పోయినవి దాదాపు 35,000 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్ళు. బరువు తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి, నదిలోకి మొత్తం లక్ష క్యూసెక్కుల దాకా వదిలినారు. నది ఒడ్డునున్న కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలకు హెచ్చరిక ఇచ్చినారు. అక్కడ నదిలో దిగకూడదు, గొడ్లను ఒడ్డుకు తోలకూడదు, మోటార్లు పైకి తెచ్చుకోవాలి. ఆ మండలాలవాళ్ళకు అది హెచ్చరిక. కడపలో సోఫా మీద కూర్చున్నవాళ్ళకు అది సమాచారం మాత్రమే. ఆగస్టు 17 నాటికి స్టాప్‌లాగ్‌లు (అడ్డు పలకలు) దించి ఆ సందు మూసినారు. గేటు పోయిన దృశ్యం ఎన్నిసార్లు చూపించినారో, మూసిన దృశ్యం అన్నిసార్లు ఎవరికీ కనపడి ఉండదు.

ఒక లెక్క కంఠతా పెట్టించండి. ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు). అంటే 35,000 క్యూసెక్కులు రోజంతా పోతే మూడు టీఎంసీలు. ఎకరాలు, బస్తాలు నోటితో లెక్కకట్టినవాళ్ళకు ఇది ఏమంత కష్టం కాదు. కర్నూలులో ఉండేవాళ్ళు వరద వార్త వింటే రెండే అంకెలు అడగాలి: ఎగువన సుంకేసుల బ్యారేజీ దగ్గరికి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, శ్రీశైలం డ్యామ్‌లో నీళ్ళు నిండు మట్టం 885 అడుగులకు ఎంత దిగువన ఉన్నాయి. ఈ రెండూ చెప్పకుండా "ఉగ్రరూపం" అంటే అది వర్ణన.

వానకు కూడా ఇంతే. వాతావరణ శాఖ రంగులకు అర్థాలున్నాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే చర్య తీసుకోండి. రంగు జిల్లాకొకటి ఇస్తారు. నెల్లూరుకు ఎరుపు ఉన్న రోజే కడపకు నారింజ, అనంతపురానికి పసుపు ఉండొచ్చు. టీవీలో మాత్రం "రాష్ట్రానికి రెడ్ అలర్ట్" అని ఒకే మాట. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అల్పపీడనం అన్న మాటకే దడుచుకోనక్కర్లేదు. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50 దగ్గర తీవ్ర వాయుగుండం, 62 దాటితేనే తుపాను. పేరు పెట్టేది కూడా అప్పుడే. పేరు లేని తుపాను గురించి ఎవరన్నా అరుస్తాంటే ఇంకా తుపాను కాలేదని అర్థం.

సెటప్_బాక్స్_సుబ్బన్న (అనంతపురం):

టీవీ తగ్గించే సంగతి నేను చెప్తా. ఛానెళ్లు తీసేయించడం దండగ. తెలుగు వార్తా ఛానెళ్లు చాలావరకు ఉచితంగా వచ్చేవే, తీయించినా బిల్లు తగ్గదు, ఇంట్లో మాత్రం గొడవ. బాక్స్ రిమోట్‌లో "ఫేవరెట్" అని బటన్ ఉంటుంది. పాత సినిమాల ఛానెల్, ఒక భక్తి ఛానెల్, దూరదర్శన్ సప్తగిరి, పాటల ఛానెల్, ఇట్ల ఆరేడు దాంట్లో పెట్టండి. వార్తలది ఒక్కటే పెట్టండి, అదీ వరుసలో చివరన. పెద్దవాళ్ళకు ఛానెల్ నంబర్లు గుర్తుండవు, పైబాణం కిందిబాణం నొక్కుతారు. కొన్ని బాక్సుల్లో ఫేవరెట్ పెట్టినా బాణాలు మొత్తం ఛానెళ్ల మీదికే పోతాయి. అట్లయితే మెనూలో "ఛానెల్ లిస్ట్" కాడ "ఫేవరెట్ ఓన్లీ" ఎంచుకోవాల. బాక్స్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇవన్నీ పోతాయి, మళ్ళీ పెట్టుకోవాల్సిందే. చైల్డ్ లాక్ మాత్రం పెట్టొద్దు. పెద్దవాళ్ళను పిల్లోళ్ళ మాదిరి చూసినట్టవుతుంది. రెండో రోజే పిన్ నంబర్ అడుగుతారు, మీరు చెప్తారు. అంతే.

రాత్రికి టీవీలోనే "స్లీప్ టైమర్" ఉంటుంది. తొమ్మిదింటికి ఆగేట్టు, వాళ్ళను అడిగే, వాళ్ళ చేతనే పెట్టించండి. టైమర్ బాక్సును ఆపదు, టీవీని ఆపుతుంది, దానికి కంగారు పడొద్దు.

స్మార్ట్ టీవీ అయితే అసలు తలనొప్పి యూట్యూబ్. సెట్టింగ్స్‌లో "ఆటోప్లే" ఆపండి. భయపెట్టే థంబ్‌నెయిల్ వస్తే దానిమీద ఓకే బటన్ నొక్కిపట్టుకుని "ఈ ఛానెల్‌ను సిఫార్సు చేయవద్దు" ఎంచండి. వారం రోజుల పాటు వచ్చిందల్లా అట్ల కొట్టేయాల. ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు. చూసిన చరిత్ర కూడా చెరిపేయండి. లేదంటే నిన్న చూసిన యుద్ధమే రేపు పది రకాలుగా తిరిగి వస్తుంది.

ఇంగొకటి. మ్యూట్ బటన్ వాడడం నేర్పించండి. భయంలో సగం ఆ సంగీతంలోనే ఉంది. ఒక పది నిమిషాలు మ్యూట్‌లో పెట్టి, కొత్త దృశ్యాలు ఎన్ని వచ్చినాయో వేళ్ళమీద లెక్కపెట్టమనండి. అదే కారు, అదే పొగ, అదే పరుగు తిరిగి తిరిగి వస్తాంటాయి. మూలన చిన్నగా "ఫైల్ విజువల్స్" అని ఉంటే అది ఈ రోజుది కాదు. 2025 మేలో అయితే ఛానెళ్లు వైమానిక దాడి సైరన్ మోతను కార్యక్రమాల్లో వాడొద్దని పౌర రక్షణ విభాగమే చెప్పాల్సి వచ్చింది. నిజంగా మోగిననాడు జనం పట్టించుకోరని దాని భయం.

ఎందుకిట్ల అంటే రేటింగ్. బార్క్ సంస్థ మీటర్లు పెట్టిన ఇళ్ళల్లో ఏ ఛానెల్ ఎన్ని నిమిషాలు చూసినారో లెక్కకడుతుంది. నిమిషాలకు డబ్బులొచ్చే యాపారంలో "ఇంతే సంగతులు, పోయి పడుకోండి" అని ఎవరంటారప్పా?

కుందూ_నీళ్లు (ప్రొద్దుటూరు):

పైన చెప్పినవి బాగానే ఉండాయి గానీ ఒక మాట అడ్డం పెడతాండా. భయపడొద్దు, టీవీ ఆపేయండి, దేవుని మీద భారం వేయండి అనడం తేలిక. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అక్కడ భయపడి ముందే ఇల్లు వదిలి బయటపడినవాళ్ళు బతికినట్టే కదా. భయం చెడ్డదని ఎట్ల చెప్తారు? నమ్మకం పేరు చెప్పి కళ్ళు మూసుకోవడం నాకు సమ్మతం కాదు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

@కుందూ_నీళ్లు, మీతో నాకు పేచీ లేదు. కాకపోతే ఆ వేళకు కావాల్సింది న్యూస్ ఛానెల్ కాదు. తెల్లవారుజామున టీవీ ఎవరు చూస్తారు? దిండు కింద ఉండేది ఫోన్. కాబట్టి ఫోన్‌ను సిద్ధం చేయండి. సెట్టింగ్స్‌లో "సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ" లోపల "వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్" ఉంటుంది. కొన్ని ఫోన్లలో మెసేజ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. అక్కడ అన్నీ ఆన్ చేయాలి. 2023లో పరీక్షగా ఫోన్లన్నీ బిగ్గరగా మోగినాయి చూడండి, అదే. చాలామంది ఆ మోతకు విసుక్కుని ఆరోజే ఆపేసినారు, మళ్ళీ ఆన్ చేయలేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ "సచేత్" యాప్ కూడా వేసి, మన జిల్లా ఎంచుకోండి. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబర్లు 112, 1070, 18004250101. వీటిని పెద్ద అక్షరాలతో రాసి క్యాలెండర్ పక్కన అంటించండి. సచివాలయంలో మీ ఊరి వీఆర్వో నంబర్ కూడా.

నది, చెరువు కట్ట, వాగు దగ్గర ఇల్లుంటే సంచి ఒకటి సర్దిపెట్టండి: ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం నకళ్ళు ప్లాస్టిక్ కవరులో, వారానికి సరిపడా మాత్రలు, టార్చి, ఛార్జర్, కొంచెం నగదు. మాత్రలు మూడు నెలలకొకసారి మార్చకపోతే గడువు దాటినవి మిగుల్తాయి, అక్కడే అందరూ తప్పుతారు. "ఏమన్నా జరిగితే తెలిసేదెట్ల" అన్న ప్రశ్నకు ఇదంతా జవాబు. ఆ జవాబు గోడ మీద కనపడ్తాంటే రిమోట్ దానంతట అదే పక్కకు పోతుంది. పెద్దవాళ్ళు టీవీ ముందు కాపలా కాస్తున్నారు, అంతే. కాపలా ఇంకొకరు కాస్తున్నారని వాళ్ళకు తెలియాలి.

దేవునికడప_దారి (కడప):

నమ్మకం గురించి అడిగినది ఎవరూ ముట్టుకోలేదు, నేను చెప్తా. గీత పదహారో అధ్యాయంలో దైవీ సంపద చెప్పేటప్పుడు మొట్టమొదటి మాటే "అభయం". తర్వాతే దానం, దమం, అహింస అన్నీ. అభయం అంటే ఏమీ జరగదని ధీమా కాదు, జరిగినా నిలబడతామన్న స్థైర్యం. పోతన భాగవతంలో గజేంద్రుడు కూడా మొసలి పట్టుకోగానే అరవలేదు. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపు పోరాడినాడు, అది అయిపోయినాక మొర పెట్టుకున్నాడు. ఒంటిమిట్ట పక్కనుండేవాళ్ళకు ఈ వరుస వేరే చెప్పాలా? మన చేతిలో ఉన్న పని ముందు, మొర తర్వాత.

పని ఇట్ల చేయించండి. వార్త విన్నాక వాళ్ళనే అడగండి: "అవ్వా, దీనికి మనం చేయాల్సింది ఏమన్నా ఉందా?" ఉంటే ఆ గంటలోనే చేయాలి, అది ఫోన్ చేయడమైనా సరే, మిద్దెమీది మిరపకాయలు ఎత్తడమైనా సరే. లేదంటే ఆ ఊరివాళ్ళ కోసం ఒక నమస్కారం, ఛానెల్ మార్చడం. రోజుకు పదిసార్లు అడిగితే చేయాల్సిన పని ఉన్నది ఒకటో రెండో తేలుతుంది. మీరు విసుగ్గా అడిగితే ఎగతాళి అనుకుంటారు, గొంతు జాగ్రత్త.

దీపం వేళ కూడా ముఖ్యం. ఛానెళ్లలో చర్చల పేరుతో కేకలు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే, ఏడు నుంచి తొమ్మిది. టీవీ, దేవుని పటం ఒకే గదిలో ఉంటే పటాన్ని జరపొద్దు, టీవీని జరపండి. కుదరకపోతే టీవీ మీద ఒక గుడ్డ కప్పి దీపం వెలిగించమనండి. దీపం కొండెక్కేదాకా గుడ్డ తీయకూడదని ఇంటి ఆచారం పెట్టుకోండి. చిన్న ప్రమిదలో రెండు చెంచాల నూనె పోస్తే చాలాసేపు వెలుగుతుంది. నియమం పెద్దవాళ్ళకు కొత్త కాదు, ఏకాదశులు ఉన్నవాళ్ళు. "టీవీ చూడొద్దు" అంటే కోపం, "దీపం ఉన్నంతసేపు" అంటే సరే అంటారు.

న్యూస్ తీసి భక్తి కార్యక్రమం పెడితే చాలనుకోవద్దు. అక్కడ కూడా భయం అమ్ముతారు, బ్యానర్ రంగు మాత్రం కాషాయం. 2025 సెప్టెంబర్ 7న సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది, ఆ వారమంతా ఏ రాశికి ఏ గండం, ఏ పరిహారం అని గంటలకొద్దీ చెప్పినారు. స్క్రీన్ కింద ఫోన్ నంబర్ పెట్టి పరిహారం చెప్పేదాన్ని ప్రకటన కిందనే జమకట్టండి. పారాయణం, హరికథ, అన్నమయ్య కీర్తన, గుడి నుంచి ప్రత్యక్ష ప్రసారం, ఇవి చాలు.

పెద్దదర్గా_సందు (కడప):

దేవునికడప అన్నకు సలాం. ఖురాన్‌లో 49వ సూరా (అధ్యాయం) ఆరో ఆయతు (వచనం) వార్తల గురించే ఉంది. నమ్మదగని మనిషి వార్త తెస్తే ముందు విచారించండి, తెలియక ఎవరికో కీడు చేసి తర్వాత పశ్చాత్తాపపడతారు అని. వాట్సాప్‌కు ఇంతకన్నా సరైన నియమం దొరకదు. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చేతులు చేతులు మారి వచ్చినదని. అట్లాంటిది ఒకసారికి ఒక్కరికే పంపనిస్తుంది. ఆ గుర్తు చూస్తే పంపడం ఆపి, ఊరి పేరు, తేదీ ఉన్నాయా వెతకండి. లేకపోతే అక్కడే వదిలేయండి. ముఖ్యంగా రెండు మతాల మధ్య గొడవ అని వచ్చేవి.

ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లా మీద భారం వెయ్యి అనే హదీసు (ప్రవక్త మాట) కూడా కుందూ అన్న అడిగినదానికే.

సండేబడి_టీచర్ (కర్నూలు):

క్రైస్తవ ఇళ్ళల్లో ఇంకో చిక్కు ఉంది. యుద్ధం వార్త వస్తే చాలు, "ఇదే అంత్యదినం" అని యూట్యూబ్‌లో ప్రసంగం. మత్తయి 24వ అధ్యాయం చూపిస్తారు. అదే అధ్యాయం ఆరో వచనంలో యుద్ధాల గురించి, యుద్ధ సమాచారాల గురించి వింటారు, కలవరపడకుండా చూసుకోండి అని ఉంది. ఆ సగం వదిలేస్తారు. 112వ కీర్తన ఏడో వచనంలో నీతిమంతుడు దుర్వార్తకు జడియడు అని ఉంది. దుర్వార్త రాదని అక్కడ లేదు, జడియడు అని ఉంది. కుటుంబ ప్రార్థనలో ఆ రోజు వార్తల్లో విన్న ఒక ఊరి పేరు, ఒక అవసరం చెప్పి ప్రార్థించండి. పది చెప్తే మళ్ళీ న్యూస్ బులెటిన్ అవుతుంది.

పాలకొండ_గాలి (కడప):

అందరికీ దండాలు. ఫోన్ అలర్ట్స్ చూసినా, ఆఫ్‌లోనే ఉండాయి, ఆన్ చేసినా. రెండు సందేహాలు మిగిలినాయి. వార్తలు బొత్తిగా లేకుండా ఉండలేరు, ఎంతసేపైతే సరి? రాత్రిపూట గుండెదడకు ఏం చేయాల? అది భయమా, జబ్బా తెలియడంల్యా.

వార్డు_సిస్టర్ (అనంతపురం):

గుండెదడను ముందే భయం కింద కట్టేయొద్దు. బీపీ, షుగర్ చూపించండి, ఈసీజీ ఒకటి తీయించండి, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఈ రెండిటి వల్ల కూడా దడ వస్తుంది. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ ఆపండి. టీవీ చూస్తా చూస్తా మధ్యాహ్నం మాత్ర మర్చిపోవడం చాలా ఇళ్ళల్లో అసలు కారణం. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం ఉంటే ధ్యానాలు, ప్రార్థనలు చేస్తా కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. ప్రార్థన అంబులెన్స్‌లో చేసుకోవచ్చు.

పరీక్షల్లో ఏమీ లేకపోతే అప్పుడు ఊపిరి పని. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. ఐదు నిమిషాలు, పడుకునే ముందు ఒకసారి, దడ వచ్చినప్పుడు ఒకసారి. అంకెల బదులు నామం చెప్పుకున్నా సరే, వదిలేది పీల్చేదానికన్నా పొడవుగా ఉండాలి, కీలకం అదే. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టకూడదు. తల తిరిగితే మరీ గట్టిగా పీలుస్తున్నారని అర్థం, మెల్లగా చేయమనండి.

ఎంతసేపు అన్నదానికి ఒక ఆధారం చెప్తా. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత జరిగిన అధ్యయనంలో, పేలుళ్ల దగ్గర ఉన్నవాళ్ళ కంటే, తర్వాతి వారమంతా రోజుకు ఆరు గంటలు అంతకన్నా ఎక్కువ ఆ వార్తలు చూసినవాళ్ళలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనపడినాయి. మీ ఇంట్లో పదిహేడు గంటలు నడుస్తోంది. ఒక్కసారిగా సున్నా చేయొద్దు, రెండు రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది. మొదటి వారం భోజనాల వేళ మాత్రమే ఆపండి. రెండో వారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. చేతికి పని ఇవ్వండి, వేరుశనక్కాయలు ఒలవడమో, చింతపండు గింజ తీయడమో. ఉత్త చేతులకు రిమోటే దొరుకుతుంది. మూడో వారం రాత్రి తొమ్మిది తర్వాత. చివరికి పొద్దున అర్ధగంట, సాయంత్రం ఆరుకు అర్ధగంట మిగిలితే చాలు. పొద్దున భాగానికి టీవీ బదులు ఆకాశవాణి బులెటిన్ మేలు. పది నిమిషాల్లో అయిపోతుంది, బొమ్మ లేదు, డప్పు లేదు, "వార్తలు సమాప్తం" అని చెప్తారు. రేడియో లేకపోతే ఫోన్‌లో "న్యూస్ ఆన్ ఎయిర్" యాప్ ఉంది. పేపర్ చదివే అలవాటుంటే జిల్లా పేజీ ముందు చదవమనండి.

నెల దాటినా నిద్ర పట్టకపోతే, తిండి తగ్గితే, ఒంటరిగా ఉండడానికి భయపడుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నమ్మకం తక్కువైందని కాదు, బీపీకి మాత్ర వేసుకున్నట్టే.

సెటప్_బాక్స్_సుబ్బన్న (అనంతపురం):

సిస్టర్ చెప్పిన సాయంత్రం ఆరు అర్ధగంటకు ఒక చిట్కా. బాక్స్ మెనూలో "రిమైండర్" పెట్టి, ఆరున్నరకు పాత సినిమా ఛానెల్ ఎంచుకోండి. టైముకు స్క్రీన్ మీద "మార్చాలా?" అని అడుగుతుంది. ఓకే నొక్కేది వాళ్ళే కాబట్టి తగువుండదు. ఆ రోజు ఏ సినిమా ఉందో పొద్దున్నే చూసి చెప్పిపెట్టండి, నచ్చని సినిమా అయితే నొక్కరు.